గణకయంత్రము – లోకహితము

మానవుడు తన కష్టమును తగ్గించుకొనుటకై సాధనములను కల్పించుకొనెను. నాగలి, కపిలె, మగ్గము అట్టివే. వానికి తోడుగా ఈ కాలమున గణకయంత్రమును, అరచేతిలో నిముడు ఫోనును వచ్చినవి. వీనివలన దారిద్ర్యము, నీటి ఎద్దడి, లంచగొండితనము మున్నగు సాంఘిక సమస్యలు తమంత తామే తీరునని కొందరు నమ్ముచున్నారు. వీనివలన కీడే గాని మేలు లేదని మరికొందరు తలచుచున్నారు. ఈ రెండు తలంపులును సరియైనవి కావు. సమస్యను ఎరిగినవాని చేతిలో నున్నప్పుడే సాధనము సార్థకమగును.

డిజిటల్ విద్య పరదేశపు వింత యని ధర్మవరము బాలలు జంకనక్కరలేదు. దాని బీజము వారి వీథులలోని మగ్గములమీదనే కలదు. పట్టుచీర అంచున పువ్వులు తీర్చు జాకార్డు పరికరమునకు రంధ్రములు పొడిచిన అట్టలు తగిలింతురు. రంధ్రమున్నచోట సూది లోనికి పోవును. కొక్కెము పడుగుపోగును పైకెత్తును. రంధ్రము లేనిచోట పోగు కదలదు. ‘ఉన్నది, లేదు’ అను రెండు మాటలతోనే నెమలియు, మామిడిపిందెయు రూపొందుచున్నవి. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశీయుడగు జోసెఫ్ మేరీ జాకార్డు ఈ పద్ధతిని నెలకొల్పెను. ఆంగ్లేయుడగు చార్లెస్ బాబేజి తాను ఊహించిన గణకయంత్రమునకు ఇట్టి అట్టలనే వాడదలచెను. నేటి కంప్యూటరును ఒకటి, సున్న అను రెండంకెలతోనే సమస్తమును నిర్వహించుచున్నది.

నేడు చీరల నమూనాలను కంప్యూటరుపై గీయుచున్నారు. దానివలన నేతగానికి కాలము కలిసివచ్చుచున్నది. కాని అతడు శ్రమించి కల్పించిన నమూనాను మరమగ్గమున కెక్కించుటయు ఆ యంత్రమువలననే సులభమైనది. ధర్మవరము చేనేత పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు కలదు. అసలు చీర యేదో, నకలు యేదో కొనువానికి తెలియజెప్పుటకు ఆ యంత్రమునే వినియోగించినచో అది నేతగానికి అన్నము పెట్టును. లేనిచో నోటికాడి కూడు తీయును.

ఇక సేద్యము. హిందూపురము, పెనుకొండ ప్రాంతములు వానకు మొగము వాచిన సీమ. ‘అదనెరిగి సేద్యము, పదనెరిగి పైరు’ అని పెద్దలందురు. తొలి వానను నమ్మి వేరుసెనగ విత్తి, పిమ్మట చినుకు పడక విత్తనమును, అప్పును మిగుల్చుకొన్న రైతు లెందరో! 2016వ సంవత్సరమున పొరుగున నున్న కర్నూలు జిల్లా దేవనకొండ మండలమున ఇక్రిశాట్, మైక్రోసాఫ్టు సంస్థలు ఒక ప్రయోగము చేసినవి. 30 ఏండ్ల వాతావరణ వివరములను గణకయంత్రముచే పరిశీలింపజేసి, విత్తుటకు తగిన వారమును 175 మంది రైతులకు తెలిపినవి. జూన్ మొదట తొందరపడక నెలాఖరు దాక ఆగుడని సలహా వచ్చెను. ఆగినవారికి సగటున 30 శాతము అధికముగా దిగుబడి వచ్చినట్లు ఆ సంస్థలు ప్రకటించినవి. ఒక్క ఏటి ఫలితమును చూచి కరవు తీరినదని చెప్పరాదు. అయినను ఇందొక నీతి కలదు. రైతు కొత్త యంత్రమేదియు కొనలేదు. సందేశము మామూలు ఫోనునకే, తెలుగుననే వచ్చెను. పేదవానికి అందుబాటులో నుండి, అతని భాషలో పలికినదే నిజమైన విజ్ఞానము.

మూడవది కూలివాని సంగతి. జాతీయ గ్రామీణ ఉపాధి పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ప్రారంభమైనది. కూలీల హాజరు, వేతనములు కంప్యూటరున కెక్కినవి. సామాజిక తనిఖీలో ఆ లెక్కలను గ్రామసభలో చదివి వినిపించిరి. అక్షరము రాని కూలియు లేచి, ‘నేను చేసిన దినము లిన్ని కావు’ అని చెప్పగలిగెను. యంత్రము లెక్కను దాచియుంచినది. నిజమును తేల్చినది మాత్రము సభ. 2023వ సంవత్సరము నుండి ఫోనుతో ఫొటోలు తీసి హాజరు పంపుట నిర్బంధమయ్యెను. మోసము నాపుటకే ఈ ఏర్పాటు. అయినను పని జరుగుచోటికి బదులు పాత ఫొటోకే ఫొటో తీసి పంపువారు బయలుదేరిరి. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖయే ఈ సంగతిని ఎత్తి చూపవలసివచ్చెను. మనుజుని కన్ను మూతపడినచోట యంత్రపు కన్ను ఏమి చూడగలదు?

కావున యంత్రవిద్య నేర్చు విద్యార్థులు మొదట తమ ఊరి కష్టమును నేర్వవలెను. హిందూపురము మార్కెట్టుకు చింతపండు తెచ్చు రైతుకు ధర ముందుగా తెలియునా? పెనుకొండ పల్లెలలో బోరు నీరు ఏటేట ఎంత లోతునకు దిగుచున్నది? ధర్మవరమున నేతగానికి చీర కెంత కూలి ముట్టుచున్నది? ఈ ప్రశ్నలు అడుగుటకు కలమును, కాగితమును, ఓపికయును చాలును. ప్రశ్న సరిగా కుదిరిన పిమ్మటనే యంత్రమును పిలువవలెను. ఆ విద్య దూరనగరములలో ఉద్యోగము నిచ్చుట మంచిదే. కాని దానిలో కొంతయైనను పుట్టిన ఊరి దాహము తీర్చునప్పుడే అది విద్య యనిపించుకొనును.