గాజుతొట్టిలో పురుడు
"కొన్నవన్నీ ఆడ గప్పీలే. ఈ పిల్లలెక్కడివండీ?" అని ఒక సోదరి అడిగారు. తెల్లబోకండి. గప్పీ ఒక్కసారి మగచేపతో కలిస్తే చాలు, నెలల తరబడి పిల్లల్ని పెడుతూనే వుంటుంది. గుడ్లు కాదు, ఈదే పిల్లలే!

చిక్కల్లా, కన్నతల్లే వాటిని మింగేస్తుంది. ఏంజెల్ చేపలుంటే ఇక చెప్పనే అక్కరలేదు. తెల్లవారేసరికి 30 కాస్తా 3 అవుతాయి. ముందు గుప్పెడు నాచు వేయండి, అందులో దూరి దాక్కుంటాయి. ఆనక మెల్లగా వెడల్పాటి గాజుజాడీలోకి మార్చండి. కొత్తనీళ్లు కాదు సుమా, ఆ తొట్టినీళ్లే పోయాలి.

ఉడికించిన గుడ్డులోని పచ్చసొన చిటికెడు పలుచని గుడ్డలో మూటకట్టి, నీళ్లలో ఒక్కసారి ఆడించండి. రోజుకు మూడుసార్లు చాలు. ముద్దుకొద్దీ ఎక్కువ వేస్తే నీళ్లు కుళ్లి, తల్లి నోట తప్పించుకున్నవి మన చేతిలో పోతాయి. పెద్దచేపల నోట పట్టనంత ఎదిగాక మళ్లీ తొట్టిలో వదలండి.