వడియాలకు ఎండ... జీపీఎస్‌కు ఆకాశం!



కార్తీక మాసం వస్తోందంటే మన ఇళ్ళల్లో వనభోజనాల మాటలు, కొండమీది దేవుళ్ళ మాటలు మొదలవుతాయి. పులిహోర ఎన్ని శేర్లు కలపాలి, మంచినీళ్ళు ఎన్ని సీసాలు పట్టాలి అన్నది ఎలాగూ మనమే చూసుకుంటాం. ఆ సంచి సర్దేటప్పుడు జీపీఎస్ యంత్రాన్ని ఎక్కడ పెట్టాలో కూడా మనమే తెలుసుకోవాలని ఈ వారం రాస్తున్నాను. వంటింటి పేజీల్లో ఇదేమిటని నవ్వకండి. నా అనుభవం చదివాక మీరే ఒప్పుకుంటారు.

మా అబ్బాయికి కొండలెక్కే సరదా. కొత్త యంత్రం కొనుక్కుని, పాతది మాకిచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. నడిచిన దారినంతా గీతలాగా గుర్తుపెట్టుకుంటుంది. తిరిగొచ్చేటప్పుడు ఆ గీత పట్టుకుని వచ్చేయవచ్చు. సెల్‌ఫోన్ టవర్‌తో పని లేదు.

2023 కార్తీక మాసంలో మేమిద్దరం, మా ఆడపడుచు వదినగారు, వాళ్ళాయన కలిసి అహోబిలం వెళ్ళాం. ఎగువ అహోబిలంలో దారి చూపించేవాళ్ళు కర్రలు పట్టుకుని అడుగుతూనే ఉన్నారు. "మన దగ్గర యంత్రం ఉండగా వీళ్ళెందుకోయ్" అన్నారు మావారు. మోకాళ్ళ నొప్పులని వదినగారు వాళ్ళు కింద గుడి దగ్గరే ఉండిపోయారు. మేమిద్దరం భవనాశి వాగు పక్కనుంచి ఉగ్రస్తంభం వైపు బయల్దేరాం.

పైన దర్శనం బాగా అయింది. దిగేటప్పుడే చిక్కు వచ్చింది. సాయంత్రం నాలుగు దాటింది. ఒక చోట దారి రెండుగా చీలింది. రెండూ రాళ్ళే, రెండూ చెట్లే. ఎటునుంచి వచ్చామో ఇద్దరికీ గుర్తు రాలేదు. సంచిలోంచి యంత్రం తీసి చూస్తే, మేము ఎక్కిన దారి మధ్యలో తెగిపోయి, ఒక కొండ మీదనుంచి లోయ దాటి ఇంకో కొండకు గీటు గీసినట్టుంది. మేమేమైనా గాల్లో ఎగిరొచ్చామా!

"దీన్ని ఎక్కడ పెట్టావు?" అన్నారు మావారు.

"సంచిలోనేనండీ. తువ్వాల్లో చుట్టి, పులిహోర కారియర్ కింద, భద్రంగా..."

ఆయన కేకలేశారు. నాకు ఏడుపొచ్చింది. నల్లమల అంటే పులులున్న అడవి. కార్తీకంలో పొద్దు త్వరగా వాలిపోతుంది. ఏదో ఒక దారిన పోదామని ఆయన, కదలద్దని నేను. చివరికి అక్కడే ఒక బండ మీద కూర్చున్నాం. అరగంట తర్వాత పైనుంచి మాటలు వినిపించాయి. దారి చూపించే మనిషితో దిగుతున్న యాత్రికులు! వాళ్ళ వెనకే వచ్చేశాం. కింద వదినగారు అప్పటికే ఏడ్చి ఏడ్చి, స్వామికి పదకొండు కొబ్బరికాయలు మొక్కుకున్నారు.

ఆ రాత్రి అబ్బాయికి ఫోన్ చేసి, నీ యంత్రం పాడైపోయిందిరా అన్నాను. వాడు అంతా విని, "పాడవలేదమ్మా. దానికి ఆకాశం కనబడలేదు" అన్నాడు.

వాడు చెప్పింది ఇదీ. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అంత దూరంనుంచి వచ్చేసరికి వాటి సంకేతం చాలా బలహీనంగా ఉంటుంది. మనం ఎక్కడున్నామో తేలాలంటే కనీసం 4 ఉపగ్రహాల సంకేతం ఒకేసారి అందాలి. స్టీలు దాన్ని అడ్డుకుంటుంది, నీళ్ళు పీల్చేస్తాయి. నేను పైన స్టీలు కారియర్, పక్కన రెండు లీటర్ల నీళ్ళ సీసా పెట్టి దాని ఊపిరి బిగపట్టేశాను. మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళే కాబట్టి మన ఒళ్ళు కూడా దానికి అడ్డే. తడిసిన చెట్ల గుబురూ అంతే.

నాకు వెంటనే వడియాలు గుర్తొచ్చాయి. వసారాలో భద్రంగా ఉంటాయని ఆరబెడితే ఎండుతాయా? డాబా మీద పెట్టాల్సిందే. ఇదీ అంతే!

అయినా కళ్ళతో చూస్తేగాని నమ్మను. మా కాలనీ మైదానం చుట్టూ మూడు ట్రిప్పులు తిరిగాం. మొదటిసారి యంత్రాన్ని సంచిలో, నీళ్ళు పోసిన కారియర్ కింద పెట్టాం. గీత పక్క వీధి ఇళ్ళ మీదుగా పోయింది. రెండోసారి మావారి ప్యాంటు వెనక జేబులో పెడితే, గీత మైదానంలోనే ఉంది గాని తాగినవాడి నడకలా వంకర్లు పోయింది. మూడోసారి సంచి భుజం పట్టీకి రిబ్బనుతో కట్టాను. ముగ్గులో గీతలాగా చక్కగా వచ్చింది. ఆ సాయంత్రమే మిషను ముందు కూర్చున్నాను.

భుజం పట్టీకి జీపీఎస్ సంచి

కావలసినవి: గట్టి నైలాన్ గుడ్డ (పాత స్కూలు బ్యాగుది చాలు), పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క, అంగుళం వెడల్పు వెల్‌క్రో అరమీటరు, గట్టి తాడు మూర.

కుట్టే విధానం: టేపును యంత్రం చుట్టూ తిప్పి కొలవండి. వచ్చినదానికి 3 సెంటీమీటర్లు కలపండి. పొడవుకు 5 సెంటీమీటర్లు కలపండి. ఆ కొలతకు గుడ్డ కత్తిరించి, తెర వచ్చే చోట కిటికీలాగా కోసి ప్లాస్టిక్ ముక్క కుట్టండి. వెనకవైపు పైనొకటి, కిందొకటి వెల్‌క్రో పట్టీలు అడ్డంగా కుట్టండి. ఇవే బ్యాగు భుజం పట్టీని పట్టుకుంటాయి. తర్వాత గుడ్డను గొట్టంలా కలిపి కుట్టి, అడుగు మూసేయండి. పైన చిన్న మూత పెట్టి వెల్‌క్రో వేయండి. యంత్రానికి తాడు కట్టి, రెండో కొస బ్యాగుకు ముడేయండి. జారినా లోయలో పడదు.

జరీ గుడ్డ, వెండి పూత ఉన్న గొడుగు గుడ్డ వాడకండి. అందులో లోహం ఉండవచ్చు. అయస్కాంతం గుండీలూ వద్దు, లోపలి దిక్సూచి తప్పు చూపిస్తుంది. పలచటి గుడ్డ, ప్లాస్టిక్ మాత్రం సంకేతానికి అడ్డు కావు.

గుర్తుంచుకోవలసినవి

సంచిని భుజం ఎముక దగ్గర, వీలైనంత పైకి కట్టాలి. నడుముకు కడితే సగం ఆకాశాన్ని మన ఒళ్ళే మూసేస్తుంది. భుజానికి కట్టడం కుదరకపోతే బ్యాగు పై మూత జేబులో, అన్నిటికంటే పైన పెట్టండి. దాని మీద ఇంకేమీ పెట్టకండి.

యంత్రం తలమీద బొడిపెలాంటి యాంటెన్నా ఉంటే నిలువుగా ఉండాలి. మూతలోంచి అది బయటికి వచ్చేలా కుట్టండి. బొడిపె లేనివి సాధారణంగా వెల్లకిలా, తెర ఆకాశం వైపు ఉంటే బాగా పనిచేస్తాయి. చేత్తో పట్టుకున్నప్పుడు తలభాగం మూయకండి.

బయల్దేరే ముందు ఆరుబయట ఐదు పది నిమిషాలు ఆన్ చేసి ఉంచండి. దూరప్రయాణం చేసి కొత్త ఊరు వచ్చినప్పుడు ఉపగ్రహాలను వెతుక్కోవడానికి దానికి ఎక్కువసేపు పడుతుంది. బయల్దేరిన చోటును తప్పకుండా గుర్తు పెట్టించండి.

తెరమీద ఎన్ని మీటర్ల తేడా ఉండొచ్చో చూపిస్తుంది. 5, 10 అంటే ఫరవాలేదు. 30, 40 అంటే నమ్మకండి. రెండు కొండల మధ్య ఇరుకులో సంకేతం రాళ్ళకు తగిలి తిరిగొచ్చి తప్పు చోటు చూపించవచ్చు. కాస్త ఆకాశం కనబడే చోటికి వచ్చి రెండు నిమిషాలు ఆగండి. దారి తెలియకపోతే ముందుకు పోకండి. గుర్తున్న చోటికి వెనక్కి రండి. అదీ తెలియకపోతే కూర్చోండి.

కొత్త బ్యాటరీలు ఒక జత తడవకుండా ప్లాస్టిక్ కవర్లో ఉంచండి. సెల్‌ఫోన్‌లోని జీపీఎస్ కూడా టవర్ లేకుండా పనిచేస్తుంది గాని, మ్యాపును ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఇంకొక మాట. విదేశాలనుంచి పిల్లలు తెచ్చే యంత్రాల్లో ఉపగ్రహం ద్వారా మెసేజీలు పంపేవి ఉంటాయి. ప్రభుత్వ అనుమతి లేకుండా మన దేశంలో అవి వాడకూడదు.

2024 మాఘ మాసంలో మళ్ళీ అహోబిలం వెళ్ళి కొబ్బరికాయలు కొట్టాం. ఈసారి దారి చూపించే మనిషిని కూడా తీసుకెళ్ళాం. యంత్రం ఎంత మంచిదైనా ఆ అడవిలో పుట్టి పెరిగినవాడితో సమానం కాదు కదా! ఎక్కిన దారంతా తెరమీద తెగకుండా వచ్చింది. ఇరుకు రాళ్ళ మధ్య ఒక్కచోట మాత్రం అంకె 40 దాకా పోయి, బయటికి రాగానే తగ్గింది.

పోయినసారి దారి చీలిన చోటికి రాగానే మావారు ఆగారు. మళ్ళీ ఏమంటారోనని నేను చూస్తున్నాను. నా భుజం వైపు వంగి తెర చూసి, "ఏమోయ్, నీ వడియాలు బాగానే ఎండుతున్నాయే!" అన్నారు. ఆ రోజు కేకలేసినందుకు అదే ఆయన క్షమాపణ అని నేను సరిపెట్టుకున్నాను.

మీరూ కుట్టి చూడండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.