పనివాడి పెట్టె: కారుతున్నది కిటికీయేనా?

బరంపురం నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్ల మేడమీది గది కిటికీ ప్రతి వానాకాలం కారుతోందట. మూడేళ్లలో మూడుసార్లు సిలికాన్ ట్యూబు తెప్పించి చుట్టూ పూయించారట. "మళ్లీ కారుతోందండీ, ఈసారి ఏ కంపెనీది కొనమంటారు?" అని అడిగారు. కంపెనీ పేరు చెప్పను గాని, నేను చేసిన ఒక తప్పుడు పని గురించి చెబుతాను.

బొంబాయి రేవులో పడవల మరమ్మతులు చేసి బతికినవాణ్ణి నేను. గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర నిలబడితే ఎదురుగా తెల్లటి షికారు పడవలు లంగరేసి కనబడతాయి. యాట్‌లంటారు వాటిని. అలాంటిదే ఒకటి, 42 అడుగుల మోటారు యాట్, 1968లో టేకుతో కట్టింది. యజమాని ఒక పార్సీ పెద్దాయన. ఆయన పోయాక ఆయన భార్య దాన్ని అమ్మనూలేక, ఉంచుకోనూలేక సతమతమయ్యేవారు. 2016 మే నెలలో, పడవలన్నీ ఒడ్డుకు లాగే రోజుల్లో, నాకు కబురు పెట్టారు. "క్యాబిన్‌లో పరుపులు తడిసి కంపు కొడుతున్నాయి. ఎనిమిది కిటికీలూ కారుతున్నాయి. వానల్లోగా బాగుపడకపోతే విడగొట్టి అమ్మేస్తాను. ఇంజనుకూ, కిటికీల లోహానికీ బేరం కూడా వచ్చింది" అన్నారు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ కిటికీలకు ఆరేళ్ల కిందట సిలికాన్ పూసినవాణ్ణి నేనే.

అప్పట్లో పెద్దాయనకు తొందర. ఆదివారం మనవల్ని ఎలిఫెంటాకు తీసుకెళ్లాలి. పద్ధతి ప్రకారం ఫ్రేములు ఊడదీసి మళ్లీ బిగిస్తే పదిరోజుల పని. నేను ఏదీ ఊడదీయకుండా బయటినుంచి చుట్టూ సిలికాన్ పట్టీ లాగి, తడివేలితో నున్నగా దిద్ది, డబ్బు పుచ్చుకుని వచ్చేశాను. చూడ్డానికి ముచ్చటగా ఉండింది. ఆ ఏడాది కారలేదు కూడా. తరవాత ఆ పట్టీ అక్కడక్కడ వెంట్రుకవాసి లేచింది. ఆ సందులోంచి నీళ్లు ఫ్రేము వెనక్కి చేరాయి, తిరిగి బయటికి పోయే దారి లేదు. లోపలి ప్లైవుడ్ కిటికీల కింద నల్లబడి ఉంటే స్క్రూడ్రైవరుతో పొడిచాను. వెన్నలోకి దిగినట్టు దిగింది.

ఆవిడకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. కూలి తీసుకోనన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "మా ఆయనే తొందరపెట్టి ఉంటారు లెండి" అన్నారు. తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

నాకు సాయం ఒక కుర్రవాడు. కామాఠీపురాలో పుట్టాడు, తాతలది పాలమూరు. వాణ్ణి క్యాబిన్‌లో టార్చితో కూర్చోబెట్టి నేను బయట పైపుతో నీళ్లు పట్టాను. ఇక్కడొక కిటుకు ఉంది. నీళ్లు కిందినుంచి మొదలుపెట్టి పైకి రావాలి. మొదట కిటికీ కింది అంచు, అయిదు నిమిషాలయ్యాక పక్కలు, ఆ తరవాత పై అంచు. ఒకేసారి పైనుంచి పోస్తే అన్నీ తడిసి దొంగ దొరకడు. ధార జోరుగా కొట్టకూడదు, వాన కొట్టనిచోటికి కూడా నీళ్లు పోయి లేని కారుడు కనబడుతుంది.

ఇలా చూస్తే ఎనిమిదింటి రోగమూ ఒకటి కాదని తేలింది. అయిదు చోట్ల ఫ్రేముకూ చెక్కకూ మధ్యనే. రెండింటికి తలుపు రబ్బరు పాడైంది. తలుపు నొక్కే అంచుకు సుద్దముక్క రాసి మూసి తెరిస్తే, రబ్బరు మీద సుద్దగీత ఎక్కడ పడలేదో అక్కడ అది ఆనడం లేదన్నమాట. కారుతోందని చెవుల నట్టును బలంకొద్దీ బిగిస్తూ పోవడంవల్ల రబ్బరు చచ్చిపోయింది. ఎనిమిదోది మాత్రం ఎంతసేపు తడిపినా పొడిగానే ఉంది. నేను పైపు అటు పెట్టి బీడీ ముట్టిస్తుంటే లోపలినుంచి కుర్రవాడు అరిచాడు: "కాకా, గిది కిటికీకెల్లి కాదు! పైకెల్లి వస్తున్నయ్ నీళ్లు!" పైపు క్యాబిన్ కప్పు మీద పడి ఉంది. కప్పు మీద చేతిపట్టు కమ్మీ స్క్రూ ఒకటి వదులైంది. నీళ్లు దాని వెంట దిగి, కప్పులోపలే రెండడుగులు నడిచి, కిటికీ మీద తేలుతున్నాయి. ఆ కిటికీకి నేను ఆనాడు రెండు వరసలు పూశాను!

ఇక పని. సిలికాన్ పూయడం పావుగంట, తియ్యడం నాలుగు రోజులు. కంటికి కనబడని జిడ్డుపొర మిగిలినా దానిమీద ఇంకేదీ సరిగా అంటుకోదు, కొత్త సిలికాన్ కూడా. బ్లేడుతో గీకి, మందుతో తుడిచి, ఉప్పుకాగితం పట్టాం. ఫ్రేములను అందరూ ఇత్తడి అంటారు గాని అవి కంచువి. ఇత్తడైతే అందులోని జింకును ఉప్పునీళ్లు తినేసి, లోహం ఎర్రబారి పెళుసెక్కేది. యాభై ఏళ్లయినా ఒక్క ఫ్రేమూ విరగలేదు. కుళ్లిన చెక్క కోసేసి ఐ.ఎస్. 710 మెరైన్ ప్లై ముక్కలు అతికి, కోసిన అంచులకు ఎపాక్సీ తాగించాం. టేకులో సహజంగా నూనె ఉంటుంది, అందుకని అంటించేముందు ఎసిటోన్‌తో తుడిచాం.

అతకడానికి పాలీసల్ఫైడ్ వాడాం. ఆరినా రబ్బరులా సాగుతుంది, రేపు ఊడదీయాలన్నా వస్తుంది. (మీ కిటికీలకు గాజు కాక ప్లాస్టిక్ పలకలుంటే దీన్ని దగ్గరికి రానివ్వకండి, ప్లాస్టిక్‌ను తినేస్తుంది.) మొదటిరోజే స్క్రూలు పూర్తిగా బిగిస్తే మందంతా బయటికి కక్కేసి మధ్య ఏమీ మిగలదు. మందు కాస్త బయటికి చూసేదాకా బిగించి, అది ఆరాక మిగతా చుట్టు తిప్పాలి. మాది యానాం పక్కన తాళ్లరేవు. గుగ్గిలం, నూనె కాచి పడవ అతుకులకు పెట్టిన మా తాతయ్యకు ఈ ఓపిక పుట్టుకతోనే ఉండేది. నాకు యాభై దాటాక వచ్చింది.

టార్పాలిన్ కప్పకుండా మొదటి వానకు పడవను అలాగే వదిలేశాం. ప్రతి కిటికీ కింద ఒక టిష్యూ కాగితం పెట్టి, తెల్లవారి ముగ్గురం కలిసి చూశాం. ఏడు పొడి. ఒకటి రూపాయి బిళ్లంత తడి. అక్కడ తలుపు బందు సీల అరిగి, తలుపు ఒకపక్కకు వాలుతోంది. కొత్త సీల చేయించి వేస్తే సరిపోయింది. బేరం తెచ్చినవాడికి ఆవిడ ఆ వారమే వద్దని కబురు పంపారు. దసరా వెళ్లాక పడవ నీళ్లలోకి దిగింది.

బరంపురం సోదరిగారూ, ట్యూబు కొనకండి. ఎండరోజున ఒకరిని గదిలో కూర్చోబెట్టి, పైపుతో కిటికీ కింది అంచునుంచి మొదలుపెట్టండి. కిటికీ పొడిగా ఉంటే పైనున్న సన్‌షేడ్ గోడలో కలిసేచోట పట్టండి, ఆపైన మేడ పిట్టగోడ మొదట్లో పట్టండి. ఎక్కడ పట్టినప్పుడు చుక్క పడిందో రాయండి, మందు సంగతి అప్పుడు చూద్దాం.