గరిటె పట్టిన చేతికి మెనూ కార్డంటే జంకా?

హోటలు భోజనం మాటెత్తితే చాలు, మన ఆడవాళ్ళలో రెండు పార్టీలు లేస్తాయి. "ఆ డబ్బుతో ఇంట్లో నెలకి సరిపడా కందిపప్పు వస్తుందమ్మా" అనేది మొదటి పార్టీ. "ఖరీదైతేనేం, వెళ్ళొచ్చాక నలుగురికీ చెప్పుకోవడానికి ఉంటుంది" అనేది రెండో పార్టీ. మొదటి దాంట్లో నా వయసు వాళ్ళెక్కువ, రెండో దాంట్లో మా కోడళ్ళ వయసు వాళ్ళెక్కువ. నేను ఈ రెంటిలో దేనికీ ఓటెయ్యను. హోటలుకి వెళ్ళాల్సిందే అంటాను. వెళ్ళి, నోరు మూసుకుని తిని రాకూడదని కూడా అంటాను.

ముందు మొదటి పార్టీ సంగతి చూద్దాం. ఏడాదికి 365 రోజులు, రోజుకి రెండు పూటలు. కాఫీలూ టిఫిన్లూ లెక్కలోకి తియ్యకపోయినా 730 సార్లు పొయ్యి దగ్గర నిలబడే మనిషి, ఏ మూడు నాలుగు పూటలో కూర్చుని మరొకరి చేత వడ్డించుకుంటే అది దుబారా ఎలా అవుతుందండీ? ఇంటాయన స్నేహితులతో బయట తిని వస్తే ఎవరూ లెక్క అడగరు. ఇల్లాలు హోటలు మెట్టెక్కితే మాత్రం కందిపప్పు ధర గుర్తొస్తుంది. కందిపప్పు ధర నాకూ తెలుసు. ఆ పప్పు తనంతట తాను ఉడకదని కూడా తెలుసు.

ఇక రెండో పార్టీ. వీళ్ళతోనే నాకు అసలు పేచీ.

మా అబ్బాయి ఉద్యోగం ధర్మమా అని నా కాపురం గచ్చిబౌలికి మారింది. ఒకప్పుడు ఇటువైపు బండరాళ్ళూ, 1974లో పెట్టిన సెంట్రల్ యూనివర్సిటీ తప్ప పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదట. 1998 నవంబరులో పక్కనే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. 2002లో జాతీయ క్రీడల కోసం ఇక్కడ స్టేడియం కట్టారు. ఆ వెనకే కంపెనీలొచ్చాయి, కంపెనీల వెనక పిల్లలొచ్చారు, పిల్లల్ని పెంచి పెట్టడానికి నాలాంటి అమ్మమ్మలూ నాన్నమ్మలూ వచ్చారు. వీళ్ళందరి జేబులూ చూసి హోటళ్ళొచ్చాయి.

మామూలు హోటళ్ళు కావు సుమండీ. గచ్చిబౌలి షెరటన్‌లో ఫీస్టు. దుర్గం చెరువు ఒడ్డున ఐటీసీ కోహెనూర్‌లో చైనా వంటకి గోల్డెన్ పెవిలియన్, ఇటలీ వంటకి ఒత్తిమో, దమ్ పుఖ్త్ వంటకి బేగమ్స్. మైండ్‌స్పేస్ దగ్గర వెస్టిన్‌లో మళ్ళీ ఇటలీకి ప్రెగో, ఉత్తరాది వంటకి కంగన్. ట్రైడెంట్‌లో కనక్. ఊరికి అవతలి కొసన ఫలక్‌నుమా ప్యాలెస్ 2010లో హోటలై కూర్చుంది. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఉందక్కడ. ఓపికా డబ్బూ ఉన్నవాళ్ళు ఒక్కసారైనా చూడాల్సిందే, నేను కాదనను.

2019లో యునెస్కో వాళ్ళు హైదరాబాదుని రుచుల నగరంగా గుర్తించారు. 2010లోనే మన హలీముకి జీఐ గుర్తింపు వచ్చింది. బిరియానీ సంగతి చెప్పక్కర్లేదు. సంతోషమే, అవన్నీ మన ఊరివే. కానీ పైన చెప్పిన పేర్లు ఇంకోసారి చదువుకోండి. ఇటలీ ఉంది, చైనా ఉంది, ఉత్తరాది ఉంది, నవాబుల వంట ఉంది. మన తెలుగింటి వంటకంటూ బోర్డు కట్టిన గొప్ప హోటలు అందులో ఏదమ్మా?

లేకేం, ఉన్నాయంటారు. కృతుంగకి వెళితే రాగిసంకటీ నాటుకోడి పులుసూ దొరుకుతాయి. కాకినాడ సుబ్బయ్యగారి హోటలు బుట్ట భోజనంతో హైదరాబాదుకే వచ్చేసింది. ఇలాంటి చోట్లకి జనం కూడా బాగానే వెళతారు. అయినా వాటిని "ఫైన్ డైనింగ్" అనమంటే మా పిల్లలకి నోరు రాదు. "అది మామూలు భోజనం కదమ్మా" అంటారు.

ఆ "మామూలు" అన్న మాట దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది.

ఫైన్ డైనింగ్ అంటే ఏమిటని మా అబ్బాయిని అడిగాను. ఒకదాని తరవాత ఒకటి వరస ప్రకారం తెచ్చి వడ్డిస్తారట. ఏ రుచి తరవాత ఏ రుచి రావాలో ముందే ఆలోచించి పెడతారట. ఆహా! మరి మన విస్తరిలో జరిగేదేమిటి నాయనా? ముద్దపప్పూ నెయ్యీ ఆవకాయా ముందు. ఆ తరవాత కూర, పచ్చడి. ఆపైన పులుసు, చారు. అన్నిటి వేడీ కారమూ చల్లార్చడానికి ఆఖర్న పెరుగు. విస్తరిలో ఏది ఏ పక్కన వెయ్యాలో కూడా పద్ధతి ఉంది. ఆ వరస తప్పితే పెళ్ళివారు అలిగిన సందర్భాలున్నాయి. ఇది మామూలూ, అది ఫైనూ ఎలా అయ్యాయి? తేడా అల్లా ఒక్కటే. అక్కడ వండేవాడికి జీతమూ పొడుగు టోపీ ఉన్నాయి. ఇక్కడ వండే ఆవిడకి రెండూ లేవు. ఊరికే వచ్చేదానికి విలువ ఉండదని లోకం ఎప్పుడో తీర్మానించేసింది.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. దమ్ పుఖ్త్ వాళ్ళు ఇక్కడ నవాబుల పేరు కాక బేగముల పేరు పెట్టుకున్నందుకు నా మట్టుకు నాకు ఆ హోటలంటే గౌరవం. బేగమ్మకి దక్కిన ఆ బోర్డు, మన సుబ్బమ్మకి ఎప్పుడు దక్కుతుందో!

మా పెళ్ళిరోజని కిందటేడు మా అబ్బాయి ఒక పెద్ద చోటికి తీసుకెళ్ళాడు. పేరెందుకు లెండి. గుడ్డ రుమాళ్ళు, మసక దీపాలు, మెనూ కార్డు అట్ట మన పెళ్ళి ఆల్బమంత. సర్వరు పిల్లవాడు ఒక కార్డు మా అబ్బాయికీ, ఒకటి మా వారికీ ఇచ్చాడు. నాకూ కోడలికీ మంచినీళ్ళ గ్లాసులు సర్దాడు. అందులో నీళ్ళు కూడా లేవు, "సీసా నీళ్ళు తెమ్మంటారా మేడమ్?" అన్నాడు. గుత్తివంకాయ ఉందంటే చెప్పాం. పళ్ళెమేమో తిరగలంత, మధ్యలో ఒంటరిగా ఒకే ఒక్క వంకాయ, చుట్టూ పచ్చటి చుక్కలు. నువ్వులు మాడ్చిన వాసన ఇవతలికి కొడుతోంది. బల్ల చుట్టూ కూర్చున్న నలుగురిలో ఆ సంగతి పోల్చగలిగింది మేమిద్దరమే, ఆ కార్డు అందనివాళ్ళం.

ఆ గదిలో ప్రతి బల్ల దగ్గరా నాలాంటి ఆడవాళ్ళున్నారు. పోపు ఎప్పుడు మాడుతుందో, పప్పు ఎన్ని విజిళ్ళకి ఉడుకుతుందో, నూనె ఎన్నోసారి కాగిందో వాసనతో చెప్పగల ఘనులు. తిండి గురించి ఆ హాల్లో అందరికంటే ఎక్కువ తెలిసిన వాళ్ళే, అందరికంటే తక్కువ మాట్లాడుతున్నారు. సంగీత విద్వాంసురాలు కచేరీకి వెళ్ళి, అపశ్రుతి వినిపించినా చప్పట్లు కొట్టినట్టుంది మన వరస!

సరే, రుచి సంగతి ఎవరిష్టం వాళ్ళది. బిల్లు సంగతికి రండి.

హోటల్లో నీళ్ళసీసాకి దాని మీద వేసిన ధర కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎందుకంటే, మనం అక్కడికి ఉత్త సీసా కొనుక్కోవడానికి వెళ్ళం. కుర్చీ, చల్లగాలి, వడ్డించే మనిషి, అన్నీ ఆ ధరలో కలిసి ఉంటాయి. న్యాయంగానే ఉంది, ఒప్పుకుంటాను. మరి వడ్డన ఖర్చు ధరలోనే కలిపి పుచ్చుకున్నవాడు, బిల్లు చివర "సర్వీస్ చార్జి" అని మళ్ళీ ఎందుకు రాస్తాడండీ? ఒక కూరకి రెండుసార్లు ఉప్పు వేస్తామా?

కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది: సర్వీస్ చార్జి బిల్లులో తనంతట తానుగా వెయ్యకూడదు, మరో పేరుతోనూ వెయ్యకూడదు, ఇవ్వనన్నవాళ్ళని బలవంతపెట్టకూడదు అని. హోటళ్ళ సంఘాలు కోర్టుకెళ్ళాయి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ నిబంధనలు సబబేనని, వేసిన పిటిషన్లు కొట్టేసింది. సంఘాలు దాని మీదా అప్పీలుకి వెళ్ళాయి. వాళ్ళ పట్టుదల చూశారా? మనకి లేనిది అదే.

లెక్క చూడండి. తిన్నది 3,000 రూపాయలు. పది శాతం సర్వీస్ చార్జి 300. ఆ 3,300 మీద ఐదు శాతం జీఎస్టీ 165. మొత్తం 3,465. ఆ చార్జి లేకపోతే 3,150తో పోయేది. అంటే 315 రూపాయలు మన మొహమాటం ఖరీదు. గది అద్దె భారీగా ఉండే పెద్ద హోటళ్ళలో అయితే పన్ను 18 శాతం, అక్కడ మొహమాటం ఇంకా ప్రియం.

"అడిగితే చిన్నతనం కాదూ?" అంటారు. ఇదే మన అసలు జబ్బు. పొద్దున్న బండి మీద కూరలమ్మే ఆవిడతో ఐదు రూపాయలకి అరగంట బేరమాడతాం. పైగా కరివేపాకు కొసరు. ఎండలో నిలబడ్డ ఆవిడ దగ్గర లేని చిన్నతనం, ఏసీలో కూర్చున్న పెద్దమనిషి దగ్గర ఎక్కణ్ణించి ఊడిపడింది? పేదవాళ్ళ దగ్గర నోరు, డబ్బున్నవాళ్ళ దగ్గర మొహమాటం! దీన్ని నేను సంస్కారం అనను, పిరికితనం అంటాను.

"పాపం, ఆ సర్వరు పిల్లవాడి కడుపు కొట్టమంటారా?" అని ఇంకో ప్రశ్న. అస్సలు కొట్టొద్దు. ఆ కుర్రాడు మర్యాదగా వడ్డిస్తే మీకు తోచింది వాడి చేతిలోనే పెట్టండి. బిల్లులో వేసిన డబ్బు వాడి చేతిదాకా వెళుతుందో లేదో మనకి తెలిసే దారేదీ? చేతిలో పెట్టింది కళ్ళారా చూస్తాం.

ఇంకొకటి. అద్దాల తలుపూ, అత్తరు వాసనా చూసి వంటిల్లు కూడా అంత శుభ్రంగా ఉంటుందనుకోకండి. 2024లో తెలంగాణ ఆహార భద్రత అధికారులు హైదరాబాదు హోటళ్ళ వంటిళ్ళలోకి వరసగా తనిఖీకి వెళితే, పేరున్న చోట్ల కూడా గడువు దాటిన సరుకులు, మూతల్లేని చెత్తబుట్టలు బయటపడ్డాయి. మన ఇంట్లో అలా ఉంటే అత్తగారు ఊరుకునేవారా? 2022 నుంచి బిల్లు మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు ఉండాలి. దానికోసం వెతకండి. లేకపోతే అడగండి.

కాబట్టి వెళ్ళదగ్గ హోటలంటే ఏదని నన్నడిగితే, ఎన్ని నక్షత్రాలున్నాయో చూడను. కూర్చోగానే అడగకుండా మంచినీళ్ళు పోశాడా? మెనూ కార్డు అమ్మ చేతికి కూడా ఇచ్చాడా? "ఇందులో ఏం వేశారు బాబూ?" అంటే విసుక్కోకుండా లోపలికి వెళ్ళి కనుక్కుని చెప్పాడా? చంటిపిల్లకి కారం లేని ముద్ద పెట్టడానికి దారి చూపించాడా? బిల్లు ఉన్నదున్నట్టు ఇచ్చాడా? ఈ అయిదూ ఉంటే అది ఇరుకు సందులో ఉన్నా గొప్ప హోటలే. లేకపోతే ముప్ఫయ్యో అంతస్తులో ఉన్నా పూటకూళ్ళమ్మ అరుగుకి సాటిరాదు.

వంట మన చేతిలో పని, తీర్పు మాత్రం మగవాళ్ళదీ, పత్రికల్లో రాసేవాళ్ళదీ అనుకుంటూ ఎన్నాళ్ళు కూర్చుంటాం? ఈసారి ఎవరి పుట్టినరోజుకో మీ వాళ్ళు తీసుకెళతారు. మంచి చీర కట్టుకుని హాయిగా వెళ్ళండి. మెనూ కార్డు చెయ్యి చాచి తీసుకోండి. నచ్చితే వంటవాణ్ణి పిలిపించి మెచ్చుకోండి, మాడితే మాడిందని చెప్పండి. సర్వీస్ చార్జి కనిపిస్తే నవ్వుతూ తీసెయ్యమనండి. కాదంటే 1915 నంబరుకి ఫోన్ చెయ్యండి, అది వినియోగదారుల కోసం సర్కారు పెట్టిన నంబరే. పక్కనున్న పిల్లలు కాసేపు సిగ్గుపడతారు, పడనివ్వండి. రుచి తెలిసిన మనిషి నోరు విప్పితే ఎలా ఉంటుందో వాళ్ళు కూడా చూడాలి కదా!