మాట పాతదే, చోటు కొత్తది

కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేం అన్నారు పెద్దలు. నల్లని తెర మీద అక్షరాలు కొట్టి కంప్యూటరుకు ఆజ్ఞలిచ్చేవారికి ఈ సామెత అచ్చంగా సరిపోతుంది.

మన మాట విని యంత్రం చేత పని చేయించే దుబాసీని 'షెల్' అంటారు. తొలినాళ్ళ షెల్లుకు జ్ఞాపకం లేదు. బారెడు ఆజ్ఞలో ఒక్క అక్షరం తప్పుపడి బెడిసికొడితే, మొత్తం మళ్ళీ కొట్టవలసిందే. 1970ల చివరలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ విద్యార్థి బిల్ జాయ్ 'సీ షెల్' రాసి ఆ శ్రమ తగ్గించాడు. రెండు ఆశ్చర్యార్థకాలు కొడితే చాలు, కిందటి ఆజ్ఞ మళ్ళీ నడిచేది. 1989లో బ్రయన్ ఫాక్స్ రాసిన 'బాష్'లోనైతే పైబాణం మీట నొక్కగానే పాత ఆజ్ఞ ఎదుటికి వస్తుంది. కంట్రోలు మీటతో 'ఏ' నొక్కి వరుస మొదటికీ, 'ఈ' నొక్కి చివరికీ పోయి దిద్దుకోవచ్చు. 'ఆర్' నొక్కి నాలుగక్షరాలు కొడితే ఎప్పటి ఆజ్ఞనో వెతికి తెస్తుంది.

ఇంత సుఖంలోనూ ఒక ముల్లుంది. మా మేనల్లుడు ఒకనాడు పనికిరాని ఫైళ్ళున్న ఫోల్డరులో ముందు జాబితా చూసి, ఆపైన "ఇక్కడున్నవన్నీ చెరిపెయ్" అని ఆజ్ఞ ఇచ్చాడు. తరువాత వాళ్ళ తాతగారి షష్టిపూర్తి ఫొటోలున్న ఫోల్డరులోకి వెళ్ళాడు. అక్కడా జాబితా చూద్దామని, పైబాణం మూడుసార్లు నొక్కవలసింది రెండుసార్లే నొక్కి, వచ్చినదేమిటో చదవకుండా ఎంటర్ కొట్టాడు. వచ్చింది చెరిపే ఆజ్ఞ! 'ఆర్‌ఎమ్' అనే ఆ ఆజ్ఞకు చెత్తబుట్ట లేదు, పోయినవి పోయినట్టే.

"మామయ్యా, నేను కొత్తగా ఏమీ కొట్టలేదు, పాతదే కదా!" అన్నాడు పాపం. మా నాన్నగారు ఇప్పుడు లేరు. ఆ ఫొటోలకు మరో ప్రతీ లేదు.

నిజమే, మాట పాతదే. చోటు కొత్తది. పరీక్షల్లో "సందర్భసహితంగా వ్యాఖ్యానించండి" అని మేం అడిగేది ఇందుకే. ఎవరు, ఎవరితో, ఎక్కడ అన్నారో తెలియందే మాటకు అర్థం తేలదు. షెల్ మన మాటను దాచిపెడుతుంది గాని, ఆనాటి సందర్భాన్ని వెంట తీసుకురాదు.

అందుచేత పాత ఆజ్ఞను పిలిచినప్పుడు, ఎంటర్ మీద వేలు పెట్టకముందే మొదటినుంచి చివరిదాకా చదవాలి. ఎక్కడున్నామో సందేహమైతే 'పీడబ్ల్యూడీ' అని కొట్టండి. ప్రజాపనుల శాఖ కాదు లెండి, మీరున్న ఫోల్డరు పేరు చెప్పే ఆజ్ఞ! చెరిపేటప్పుడు ఆర్‌ఎమ్ పక్కన ఒక అడ్డగీత గీసి 'ఐ' చేరిస్తే, ఒక్కొక్క ఫైలుకూ "తీసెయ్యనా?" అని అడుగుతుంది. మా వాడికి ఇప్పుడది అలవాటైంది. మీ ఇంటి కుర్రవాళ్ళకూ ఓ మాట చెప్పి ఉంచండి.