మోండా మార్కెట్ పాత బండ్లవాళ్ల ప్రణాళిక

మొన్నటి పాత వాహనాల ప్రదర్శనలో మమ్మల్ని గేటు దగ్గరే ఆపేశారు. ఆపినవాళ్ల పేరు రాయం. మా లాంబ్రెట్టాకి ఇనుప క్యారియర్ ఉందట, దాని మీద టమాటా మరకలున్నాయట, ఇంజన్ ఇంకో బండిదట. ‘ఇది సరుకు బండ్ల జాతర కాదు’ అన్నారు. ఆ మాటన్న పెద్దమనిషి కారు కార్బురేటర్ విప్పి, జెట్‌లో ఇరుక్కున్న తుక్కుని సన్నటి రాగితీగతో తీసింది మా గల్లీ మిస్త్రీయే. కారుకి మా చేతులు కావాలి, పక్కన మా బండి మాత్రం నిలబడకూడదు!

2021 జులై 15న కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు మనవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మారి ఉండకూడదు, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు. డబ్బు సంగతి అలా ఉంచండి, కడుపుమంట వేరే ఉంది. వింటేజ్ అనిపించుకున్న బండిని ప్రదర్శనకి, ర్యాలీకి, పరిశోధనకి, రిపేరుకి, పెట్రోలుకి బయటికి తీయొచ్చు. రోజూ నడపకూడదు. బంకుకి వెళ్లి ట్యాంకు నింపుకోవచ్చు గానీ, వచ్చేదారిలో మోండాలో కిలో బెండకాయలు కొంటే తప్పన్నమాట.

పోనీ మామూలు బండిగానే ఉంచుకుందామంటే, 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి పరీక్ష. టూవీలర్ రెన్యువల్‌కి 2022 దాకా 300 ఉండేది, తర్వాత 1,000 అయింది, 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటినవాటికి 2,000. కట్టాం. అయినా మాలో ఒకరి బండిని ఇండికేటర్లు లేవని తిప్పి పంపారు. ఆ మోడల్‌కి కంపెనీయే పెట్టలేదు మహాప్రభో! పెట్టకపోతే ఫెయిల్ అంటారు, పెడితే ఒరిజినల్ కాదంటారు.

మేం అడిగేది ఒక్కటే. రోజూ నడిచే పాత బండికీ వారసత్వ గుర్తింపు. వాడకుండా మూల పడేస్తే ఆయిల్ సీళ్లు ఎండిపోతాయి, ట్యాంకు లోపల తుప్పు పడుతుంది, పెట్రోలు జిగురై కూర్చుంటుంది. నడపడమే దాన్ని కాపాడటం. బ్రిటన్‌లో 2018 మే 20 నుంచి 40 ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు జరగని బండికి ఏటా చేసే ఎంవోటీ పరీక్ష అక్కర్లేదు. దాని మీద రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చు. బండి బాగుండాల్సిన బాధ్యత మాత్రం ఓనరుదే. అంతదూరం ఎందుకు, మన సికింద్రాబాద్ పాత జైల్‌ఖానా వారసత్వ కట్టడమే కదా, అందులో ఏళ్ల తరబడి దుకాణాలు నడవలేదా?

బ్రేకు పట్టని బండి రోడ్డెక్కకూడదని మాకు ఒకరు చెప్పాలా? ఈ గల్లీల్లో తిరిగేది మా పిల్లలే. పరీక్షే వద్దని మేం అనడం లేదు. బ్రేకు చూడండి, హెడ్‌లైటు, హారన్, టైర్లు, పొగ చూడండి. చూసేవాడికి పాత ఇంజన్ తెలిసుండాలి, అంతే. బండి క్షేమంగా ఉందా అని అడిగే హక్కు సర్కారుకి ఉంది. దాని మీద ఎక్కడికి పోతున్నావని అడిగే హక్కు లేదు.

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 రోల్స్‌రాయిస్ నిలబడే ఉండొచ్చు, దానికి బెండకాయల పని లేదు. మాకు కావాల్సిన సికింద్రాబాద్ వేరు. మైసూరు జావా, లక్నో లాంబ్రెట్టా, ఉత్తర్‌పాడా అంబాసిడర్, మన హైదరాబాద్ ఆల్విన్ పుష్పక్ క్లాక్‌టవర్ సిగ్నల్ దగ్గర పక్కపక్కనే ఆగాలి. లైటు పడగానే అన్నీ కదలాలి!

బండి మాది, బాధ్యత మాది. నడిచేది తుక్కు కాదు. మరక పడ్డ బండికీ మర్యాద కావాలి.

సంతకం పెట్టడానికి బండికి వయసు నియమం లేదు. ఇంజన్ మార్చినవాళ్లు, రంగు మార్చినవాళ్లు, ఆర్సీ ఇంకా తాత పేరు మీదే ఉన్నవాళ్లు, అందరూ రండి. ఆర్సీ సంగతి మాత్రం తొందరగా తేల్చుకోండి, అక్కడ మేం కూడా ఏమీ చేయలేం.