అంబలి బండి మీద మీ ఊరి పేరు ఉందా?

పైన వీడియోలో చూసింది అలిపిరి దగ్గర తెల్లారేసరికే నిలబడే అంబలి బండి. కొండ కింద కూర్చొని ఇంగ్లండ్ పబ్బు గురించి చెప్తాడేంది అని తిట్టుకోకండి. తాగమనడం లేదు.

అక్కడ పల్లెల్లో పబ్బంటే మన రచ్చబండ లాంటిదే. బార్లీతో చేసే పాతకాలం ఏల్ పీపాలోకి పోశాక కూడా పులుస్తూనే ఉంటుంది. పెద్ద కంపెనీలొచ్చి దాన్ని వడగట్టి, వేడి చేసి, గ్యాస్ ఎక్కించి అమ్మడం పెంచాయి. 1971లో నలుగురు కుర్రాళ్లు 'మాకు అసలు ఏలే కావాల' అని కామ్రా అనే సంఘం పెట్టారు. తాగేవాళ్లు పట్టుబట్టి అడిగారు కాబట్టే అది నిలిచింది.

మన అంబలీ అంతే. రాత్రి రాగిపిండి నానేసి, పులిసినాక పొద్దున్నే కాచి, మజ్జిగ కలపాల. జీవామృతం 48 గంటలు పులియబెట్టే మనకు ఇది ఒకరు చెప్పాలా? కానీ ఆ బండాయన్ని 'రాగులు ఏ ఊరివి?' అంటే, 'అంగట్లో పిండే అన్నా' అన్నాడు. తప్పు ఆయనది కాదు. రెండేళ్లు ప్యాకెట్లకు రంగు లేబుళ్లు అతికించుకుంటూ కూర్చున్నా గానీ, రోజూ పిండి కొనే మనిషి దగ్గరికి నేనే పోలేదు.

అందుకే చెప్తున్నా. మీ దగ్గర్లో ఒక్క అంబలి బండినో, సంగటి హోటలునో పట్టుకోండి. రేటు ముందే మాట్లాడుకోండి. వారం వారం పిండి ఇవ్వండి. బోర్డు మీద మీ ఊరి పేరు రాయించండి. రుచి తెలిసినోళ్లు రేపు వాళ్లే అడుగుతారు.